ర్యాంకుల షీటు నుంచి జతల పోలిక మ్యాట్రిక్స్: ఎక్సెల్, ఆర్, పైథాన్, ఎస్‌పీఎస్‌ఎస్, స్టాటా... మీకు ఏది సరిపోతుంది?

పోయిన ఏడాది టూరిజం ప్రాజెక్టు చేస్తున్న ఒక పీజీ అమ్మాయి, ద్వారకానగర్‌లో బైండింగ్‌కి ఇవ్వడానికి ముందు రోజు సాయంత్రం నాకు ఫైలు పంపింది. "అన్నా, యారాడ ఫస్ట్ వచ్చింది, మా గైడ్ గారు నమ్మట్లేదు, ఒక్కసారి చూడవా" అని. విశాఖలో చూడదగ్గ స్థలాలకు జనం చేత ర్యాంకులు వేయించి, ఏది దేన్ని ఎన్నిసార్లు గెలిచిందో లెక్క తీసింది. పని శ్రద్ధగానే చేసింది. కానీ యారాడ డాల్ఫిన్స్ నోస్ కొండకి అవతల ఉంటుంది, సిటీలో ఉన్నవాళ్లు పనిగట్టుకుని వెళ్తే తప్ప అటు వెళ్లరు. ఫారం నింపినవాళ్లలో సగం మందికి పైగా అక్కడికి వెళ్లనే లేదు, అందుకని ఆ గడి ఖాళీగా వదిలేశారు. ఎక్సెల్ ఆ ఖాళీని సున్నా అనుకుంది. సున్నా ఒకటి కంటే చిన్నది కదా, అంటే యారాడ ముఖం కూడా చూడనివాళ్లంతా దానికి ఫస్ట్ ర్యాంకు కంటే మంచి ర్యాంకు ఇచ్చినట్టు లెక్క తేలింది.

అదే ఫైలు స్టాటా అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో వేసి చూస్తే యారాడ అట్టడుగుకి పోయింది. ఫైలు ఒకటే, ర్యాంకులు ఒకటే, ప్రశ్న ఒకటే. ఆ రాత్రి నేను అంతకు ముందు వేరేవాళ్లకి చేసిపెట్టిన పాత ఫైళ్లు కూడా తెరిచి మళ్లీ లెక్కేశాను. రెండింటిలో వరుస మారింది. ఆ ఇద్దరికీ ఫోన్ చేసి చెప్పాను, ఇబ్బందిగానే అనిపించింది, కానీ చెప్పకుండా ఉండలేం కదా.

అందుకే ఈ పోలిక రాస్తున్నాను. ఈ పనికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అని అడిగితే చాలామంది వేగం గురించో, ధర గురించో, ఏది ఈజీ అనో చెబుతారు. అవీ చూడాలి. కానీ ఖాళీ గడిని ఆ సాఫ్ట్‌వేర్ ఏమనుకుంటుంది అన్నది వాటన్నిటికంటే ముందు చూడాలి, ఎందుకంటే మీ ఫలితాన్ని తలకిందులు చేసేది అదే.

ముందు పని ఏంటో ఒకసారి చూద్దాం

ఏడుగురు నాలుగు స్థలాలకు ర్యాంకులిచ్చారనుకుందాం. 1 అంటే బాగా నచ్చింది, 4 అంటే అన్నిటికంటే తక్కువ నచ్చింది. ఇవి ఆ అమ్మాయి అంకెలు కావు, లెక్క అర్థం కావడానికి నేను వేసినవి.

| వ్యక్తి | ఆర్కే బీచ్ | రుషికొండ | కైలాసగిరి | యారాడ |
|---|---|---|---|---|
| 1 | 2 | 1 | 3 | 4 |
| 2 | 1 | 2 | 3 | ఖాళీ |
| 3 | 3 | 1 | 2 | ఖాళీ |
| 4 | 1 | 3 | 2 | ఖాళీ |
| 5 | 2 | 3 | 4 | 1 |
| 6 | 2 | 1 | 3 | ఖాళీ |
| 7 | 3 | 1 | 2 | 4 |

దీన్ని జతల మ్యాట్రిక్స్‌గా మార్చడం అంటే, ప్రతి జతకీ "ఎంతమంది దీన్ని దానికంటే ముందు పెట్టారు" అని లెక్కపెట్టడమే. అడ్డు వరుసలో ఉన్నది నిలువు వరుసలో ఉన్నదాన్ని ఎన్నిసార్లు గెలిచిందో ఆ గడిలో రాస్తాం. ఉదాహరణకి ఆర్కే బీచ్‌నీ రుషికొండనీ పట్టుకుంటే: 2, 4, 5 నంబర్లవాళ్లు ఆర్కే బీచ్‌ని ముందు పెట్టారు, మిగతా నలుగురు రుషికొండని. కాబట్టి ఒక గడిలో 3, దానికి అద్దం పట్టినట్టున్న గడిలో 4. ఖాళీలున్న జతల్ని పక్కన పెట్టి లెక్కిస్తే మొత్తం ఇలా వస్తుంది:

| | ఆర్కే బీచ్ | రుషికొండ | కైలాసగిరి | యారాడ | వరుస మొత్తం |
|---|---|---|---|---|---|
| ఆర్కే బీచ్ | – | 3 | 5 | 2 | 10 |
| రుషికొండ | 4 | – | 6 | 2 | 12 |
| కైలాసగిరి | 2 | 1 | – | 2 | 5 |
| యారాడ | 1 | 1 | 1 | – | 3 |

ఇప్పుడు ఖాళీని సున్నా అనుకుంటే ఏమవుతుందో చూడండి. ఖాళీ వదిలిన నలుగురూ యారాడకి ఓటేసినట్టే, కాబట్టి యారాడ వరుసలో ప్రతి గడీ 1 నుంచి 5 అవుతుంది, వరుస మొత్తం 15. రుషికొండ 12, ఆర్కే 10, కైలాసగిరి 5. యారాడ మిగతా మూడింటినీ ఒక్కొక్కదాన్నీ 5–2తో ఓడించింది! అదే ఖాళీని అతి పెద్ద అంకె అనుకుంటే యారాడ ప్రతిదానితోనూ 1–6తో ఓడిపోతుంది, రుషికొండ 16కి, ఆర్కే 14కి, కైలాసగిరి 9కి పెరుగుతాయి.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించండి, నేను పడిపోయింది ఇక్కడే. నాలుగు స్థలాలకు 6 జతలు, ఏడుగురికి 42 పోలికలు. మ్యాట్రిక్స్ మొత్తం కూడితే 42 వస్తే లెక్క సరిగ్గా ఉందని సరిచూసుకునే అలవాటు నాది. పై రెండు తప్పు లెక్కల్లోనూ మొత్తం సరిగ్గా 42 వస్తుంది. సరైన లెక్కలో మాత్రం 30 వస్తుంది. ఖాళీలున్న డేటాలో మొత్తం నిండుగా వచ్చిందంటే, ఎక్కడో ఖాళీలు ఓట్లుగా మారాయని అర్థం.

ఎంచుకునే ముందు మీరు తేల్చుకోవాల్సినవి

ఖాళీ అంటే మీ సర్వేలో అర్థం ఏంటి? దీనికి సమాధానం సాఫ్ట్‌వేర్‌లో ఉండదు, మీ ప్రశ్నాపత్రంలో ఉంటుంది. "చూడలేదు కాబట్టి చెప్పలేను" అన్న ఖాళీ వేరు, "ఎనిమిదింటిలో మీకు నచ్చిన మూడింటికే ర్యాంకు ఇవ్వండి" అన్నప్పుడు మిగిలిన ఐదు ఖాళీలు వేరు. మొదటిది పోలికలోంచి తీసేయాలి. రెండోదాన్ని తీసేస్తే తప్పు. ఎందుకంటే ఆ ఐదూ మొదటి మూడింటికంటే కింద ఉన్నాయని ఆ మనిషి చెప్పాడు, వాటిలో వాటికి మాత్రం వరుస చెప్పలేదు. అలాంటప్పుడు ఖాళీలన్నిటిలో 99 లాంటి ఒకే పెద్ద అంకె వేస్తే సరిపోతుంది: ర్యాంకు ఉన్నవి గెలుస్తాయి, 99కీ 99కీ మధ్య ఎవరూ గెలవరు.

సమాన ర్యాంకులు ఉన్నాయా? ఇద్దరికీ సగం సగం ఇస్తారా, ఎవరికీ ఇవ్వరా అన్నది ముందే రాసి పెట్టుకోండి. సగం ఇస్తే మ్యాట్రిక్స్‌లో 3.5 లాంటివి వస్తాయి, కూడికలకి బాగానే ఉంటుంది కానీ, తర్వాత వేసే కొన్ని మోడళ్లు పూర్ణాంకాలే అడుగుతాయి.

డేటా ఏ రూపంలో ఉంది? చాలామంది గమనించకుండా దాటేసే తేడా ఇది. ఒక రూపంలో నిలువు వరుస అంటే స్థలం, గడిలో ర్యాంకు. ఇంకో రూపంలో నిలువు వరుస అంటే ర్యాంకు, గడిలో స్థలం పేరు. గూగుల్ ఫారమ్స్‌లో గ్రిడ్ ప్రశ్న పెడితే మొదటి రూపం వస్తుంది. మైక్రోసాఫ్ట్ ఫారమ్స్‌లో ర్యాంకింగ్ ప్రశ్న పెడితే పేర్లన్నీ ఒకే గడిలో సెమికోలన్లతో, నచ్చిన వరుసలో వస్తాయి. స్థలాలకి 1, 2, 3 అని కోడ్ నంబర్లు ఇచ్చి రెండో రూపాన్ని మొదటి రూపం అనుకుని లెక్కేస్తే ఏ సాఫ్ట్‌వేరూ ఎర్రర్ ఇవ్వదు, అంకెలు బుద్ధిగా వచ్చేస్తాయి, ఫలితం మాత్రం మొత్తం తప్పు.

మ్యాట్రిక్స్ తర్వాత ఏం చేస్తారు? రిపోర్టులో ఒక పట్టిక, ఒక బార్ చార్టు చాలా? లేక బ్రాడ్లీ–టెర్రీ, ప్లాకెట్–లూస్ లాంటి మోడల్ (గెలుపోటముల నుంచి ఒక్కోదాని బలం ఎంతో అంచనా వేసే గణాంక పద్ధతి) వేయాలా? సాఫ్ట్‌వేర్ ఎంపికలో సగం నిర్ణయం ఇక్కడే అయిపోతుంది.

ఇక ఐటమ్‌ల సంఖ్య, అంటే మీరు ర్యాంకులు వేయించేవి ఎన్ని అన్నది. 4 ఉంటే 6 జతలు, 10 ఉంటే 45, 20 ఉంటే 190. మనుషుల సంఖ్య ఎంత పెరిగినా పెద్ద తేడా లేదు, ఐటమ్‌లు పెరిగితేనే చేత్తో చేసే పని కష్టమవుతుంది.

ఎక్సెల్

అందరి దగ్గరా ఉంటుంది, గైడ్ గారు కూడా తెరిచి చూడగలరు, ఏ గడిలో ఏముందో కంటికి కనిపిస్తుంది. ఐదారు ఐటమ్‌లకి నేను ఇప్పటికీ దీన్నే వాడమంటాను.

సమ్‌ప్రొడక్ట్ ఫార్ములా ఒక్కటి చాలు. అందులో ఒక నిలువు వరుస ఇంకో నిలువు వరుస కంటే చిన్నదా అని అడిగితే, ఎన్ని చోట్ల అవునో లెక్క వస్తుంది. కానీ అది ఒక్కటే రాయకండి. మొదటి వరుస ఖాళీ కాకూడదు, రెండోది ఖాళీ కాకూడదు, మొదటిది రెండోదానికంటే చిన్నది కావాలి అని మూడు షరతులు పెట్టి, మూడింటినీ గుణించండి. ఆ మొదటి రెండు షరతులు లేకపోవడమే యారాడని ఫస్ట్ చేసింది. ప్రతి జతకీ ఫార్ములా విడిగా టైప్ చేయనక్కర్లేదు కూడా: మ్యాట్రిక్స్ పైనా, ఎడమ పక్కనా 1, 2, 3, 4 అని నంబర్లు వేసి, ఇండెక్స్ ఫంక్షన్‌లో అడ్డు వరుస చోట సున్నా, నిలువు వరుస చోట ఆ నంబరున్న గడి పెడితే ఆ నిలువు వరుస మొత్తం అందుతుంది. డాలర్ గుర్తులు సరిగ్గా పెట్టుకుంటే ఒక్క ఫార్ములాని లాగి మ్యాట్రిక్స్ అంతా నింపేయొచ్చు.

ఇంకో రెండు చిక్కులున్నాయి. ఖాళీ చోట ఎవరైనా గీత గానీ "లేదు" అని గానీ టైప్ చేస్తే అది అక్షరం అవుతుంది, ఎక్సెల్ పోలికలో అక్షరం ఎప్పుడూ అంకె కంటే పెద్దది, అంటే ఆ మనిషి దాన్ని చివరన పెట్టినట్టు లెక్క. ఒకే షీటులో కొన్ని ఖాళీలు ఫస్ట్ ర్యాంకులుగా, కొన్ని చివరి ర్యాంకులుగా మారిపోతాయన్నమాట! రెండోది, ఫారంలో ఆప్షన్లకి "1వ ర్యాంకు", "2వ ర్యాంకు" అని పేర్లు పెట్టి ఉంటే అవన్నీ అక్షరాలే, పోలిక కూడా అక్షరక్రమంలోనే జరుగుతుంది. తొమ్మిది దాకా నడుస్తుంది, పది వచ్చేసరికి "10వ" అన్నది "2వ" కంటే ముందుకొస్తుంది. ముందు వాటిని ఉత్త అంకెలుగా మార్చుకోండి.

ఎక్సెల్ బలహీనత మోడళ్ల దగ్గర బయటపడుతుంది. థర్స్టన్ 1927లో చెప్పిన పద్ధతిలో స్కేలు (ఒక్కో ఐటమ్‌కి ఒక మార్కు) తీయడం వరకు చేయొచ్చు, గెలుపు నిష్పత్తుల్ని నార్మల్ విలువలుగా మార్చి సగటు తీయడమే కాబట్టి. అయితే ఏ జతలోనైనా ఒకటి నూటికి నూరు శాతం గెలిస్తే ఆ విలువ అనంతం అయిపోయి ఫార్ములా ఎర్రర్ ఇస్తుంది.

ఎస్‌పీఎస్‌ఎస్

కాలేజీ ల్యాబుల్లో అలవాటైపోయింది కాబట్టి చాలామంది ముందు దీని మెనూల్లోనే వెతుకుతారు. ర్యాంకుల షీటుని జతల మ్యాట్రిక్స్‌గా మార్చే బటన్ దొరకదు, వెతికి టైమ్ పోగొట్టుకోకండి. సింటాక్స్ విండోలో ప్రతి జతకీ ఒక కొత్త వేరియబుల్ తయారు చేసుకోవాలి: ఇది దానికంటే చిన్నదైతే 1, కాకపోతే 0. ఆ తర్వాత వాటి మొత్తాలు తీసుకోవాలి. ఖాళీ విషయంలో మాత్రం ఇది బాగా ప్రవర్తిస్తుంది. సిస్టమ్ మిస్సింగ్ (ఖాళీ గడికి అది పెట్టుకునే పేరు) ఉన్న గడితో పోలిస్తే జవాబు కూడా మిస్సింగే వస్తుంది, మొత్తంలో చేరదు.

ప్రమాదం ఇంకో వైపు నుంచి వస్తుంది. డేటా ఎంట్రీ చేసినవాళ్లు ఖాళీ చోట 99 కొట్టి, దాన్ని మిస్సింగ్ అని వేరియబుల్ వ్యూలో చెప్పడం మర్చిపోతే, 99 మామూలు ర్యాంకైపోతుంది. ఎంట్రీ బయట చేయించుకుంటే ఇది తప్పకుండా అడగండి.

లైసెన్సు లేనివాళ్లకి పీఎస్‌పీపీ అని ఉచితంగా దొరికేది ఉంది, ఈపాటి సింటాక్స్‌కి అది సరిపోతుంది.

స్టాటా, శాస్

ఈ రెండు గణాంకాల సాఫ్ట్‌వేర్లనీ పక్కపక్కన పెట్టడానికి కారణం, ఖాళీ విషయంలో ఇవి ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. స్టాటాలో మిస్సింగ్ ఏ అంకె కంటే అయినా పెద్దది. శాస్‌లో మిస్సింగ్ ఏ అంకె కంటే అయినా చిన్నది. అంటే "ఇది దానికంటే చిన్నదా" అని రెండింట్లోనూ అదే షరతు రాస్తే, స్టాటాలో యారాడ చివర, శాస్‌లో యారాడ మొదట. రెండూ మాన్యువల్లో స్పష్టంగా రాసి ఉన్న నియమాలే, ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు, మనమే చదవం.

"నచ్చిన మూడే చెప్పండి" తరహా సర్వేకి స్టాటా నియమం దానంతటదే సరిపోతుంది, ఖాళీలన్నీ కిందకి పోతాయి, ఖాళీకీ ఖాళీకీ మధ్య ఎవరూ గెలవరు. "చూడలేదు" తరహా సర్వేకి మాత్రం రెండు వైపులా మిస్సింగ్ కాదు అన్న షరతు మీరే చేర్చాలి. స్టాటాలో ఇంకో సౌకర్యం ఏంటంటే ర్యాంకుల మీద నేరుగా మోడల్ వేసే ఆదేశం ఉంది, ఆర్‌ఓ లాజిట్ అని పిలిచేవారు, 16వ వెర్షన్ నుంచి సీఎం ఆర్‌ఓ లాజిట్ అయింది. మోడల్ కోసమే అయితే అసలు మ్యాట్రిక్స్ చేయకుండానే పని అయిపోతుంది. కొనుక్కునే స్థోమతో, డిపార్ట్‌మెంట్ లైసెన్సో ఉంటేనే ఇటు రండి, ఈ ఒక్క పని కోసం కొనడం మాత్రం అనవసరం.

ఆర్

పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు, మోడల్ వేయాల్సినవాళ్లు ఇక్కడికే రావాలని నా అభిప్రాయం, అందులో నాకు సందేహం లేదు.

ఆర్‌లో నాకు నచ్చే గుణం ఒకటుంది. ఖాళీ ఉన్న గడితో పోలిస్తే "ఎన్‌ఏ" అని వస్తుంది, దాన్ని కూడితే మొత్తం కూడా ఎన్‌ఏ అయిపోతుంది. మొదటిసారి చూసినవాళ్లు విసుక్కుంటారు. కానీ అది మిమ్మల్ని ఆపి "ఇక్కడ ఖాళీ ఉంది, ఏం చేయమంటావ్" అని అడిగినట్టు. వదిలేయమని మీరు చెప్పాకే వదిలేస్తుంది. ఎక్సెల్ అడగలేదు, స్టాటా అడగలేదు, శాస్ అడగలేదు. ఒక్క జాగ్రత్త: ఆ నిలువు వరుస అక్షరాలుగా చదవబడితే ఖాళీ ఎన్‌ఏ అవ్వదు, ఖాళీ అక్షరంగా ఉండిపోతుంది, పోలికలో మళ్లీ అన్నిటికంటే చిన్నదవుతుంది. ఫైలు చదవగానే ప్రతి వరుసా అంకెల రూపంలో ఉందో లేదో చూసుకోండి.

రెండు లూపులతో మ్యాట్రిక్స్ మీరే రాసుకోవచ్చు, ఐదు లైన్ల పని. లేదంటే ప్లాకెట్‌లూస్ ప్యాకేజీ ఉంది. ర్యాంకుల షీటుని దాని ర్యాంకింగ్స్ రూపంలోకి మార్చాక, అడ్జసెన్సీ అనే ఫంక్షన్ ఎవరు ఎవర్ని ఎన్నిసార్లు గెలిచారో మ్యాట్రిక్స్‌గా ఇచ్చేస్తుంది. పేర్లు వరుసగా ఉన్న రెండో రూపం డేటాని కూడా తీసుకుంటుంది, సమాన ర్యాంకుల్నీ, కొన్నిటికే ర్యాంకులిచ్చిన ఫారాల్నీ మోడల్లో తట్టుకుంటుంది. ఇక్కడ ర్యాంకు ఇవ్వనిచోట 0 పెట్టమంటారు. ఎక్సెల్‌లో సున్నా అంటే ఫస్ట్ కంటే ఫస్ట్, ఇక్కడ సున్నా అంటే ర్యాంకు లేదు. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి ఫైలు మార్చేవాళ్లు ఈ సున్నాల్ని కంట్లో వత్తులు వేసుకుని చూడాలి.

బ్రాడ్లీ, టెర్రీ 1952లో ప్రచురించిన మోడల్ వేయాలంటే బ్రాడ్లీటెర్రీ2 ప్యాకేజీ. మ్యాట్రిక్స్‌ని జతకో వరుసగా విప్పి ఇచ్చే ఫంక్షన్ అందులోనే ఉంది.

కానీ ఒక మాట. మన ఏడుగురూ ఇచ్చినవి ఏడు ర్యాంకింగులే, 30 స్వతంత్ర పోలికలు కావు. ఒక మనిషి రుషికొండని ఆర్కే కంటే, ఆర్కేని కైలాసగిరి కంటే ముందు పెట్టాక, రుషికొండకీ కైలాసగిరికీ మధ్య జవాబు అప్పటికే తేలిపోయింది. ఆ మ్యాట్రిక్స్ మీద బ్రాడ్లీ–టెర్రీ వేస్తే, 30 మంది వేర్వేరుగా చెప్పినట్టు అనుకుని పొరపాటు అంచనాలు (స్టాండర్డ్ ఎర్రర్లు) ఉండాల్సినదానికంటే చిన్నవి చూపిస్తుంది, లేని తేడా ఉన్నట్టు కనిపించొచ్చు. అసలు ర్యాంకులు చేతిలో ఉన్నప్పుడు ప్లాకెట్–లూస్ వేయండి, అది ర్యాంకింగ్ మొత్తాన్ని ఒక్కటిగా చూస్తుంది. మ్యాట్రిక్స్‌ని పట్టికగా చూపించడానికీ, ఎవరు ఎవర్ని గెలిచారో చెప్పడానికీ ఉంచుకోండి.

పైథాన్

కోడింగ్ వచ్చినవాళ్లకి ఇది అన్నిటికంటే తక్కువ పని. నంపై అనే లైబ్రరీలో ర్యాంకుల పట్టికని రెండు రకాలుగా మడిచి ఒకదానితో ఒకటి పోల్చి కూడితే, ఒక్క లైనులో మ్యాట్రిక్స్ మొత్తం వస్తుంది. వెయ్యి మంది, పది ఐటమ్‌లు ఉన్నా లక్ష పోలికలే, కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. గూగుల్ కోలాబ్‌లో అయితే ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా బ్రౌజర్లోనే పని చేయొచ్చు.

ఫైళ్లు చదివే పాండాస్ లైబ్రరీ ఖాళీని "నాన్" అని చదువుతుంది, నాన్‌ని చిన్నదా పెద్దదా అని దేనితో పోల్చినా జవాబు కాదు అనే వస్తుంది, కాబట్టి ఖాళీ ఉన్న జత రెండు వైపులా లెక్కలోకి రాదు. మన పట్టికకి సరిగ్గా 30 వస్తుంది, ఏ షరతూ చేర్చకుండానే. అయితే ఆర్ లాగా ఇది మిమ్మల్ని ఆపి అడగదు, మౌనంగా వదిలేస్తుంది. ఇంకో చెడ్డ అలవాటు పైథాన్ వాళ్లలో ఉంది: డేటా రాగానే ఖాళీలన్నిటినీ సున్నాతో నింపేయడం. ఆ ఒక్క లైనుతో మళ్లీ యారాడ ఫస్ట్!

మోడళ్లకి చాయిక్స్ అనే లైబ్రరీ ఉంది, జతల మ్యాట్రిక్స్ ఇచ్చినా, ర్యాంకింగులు ఇచ్చినా తీసుకుంటుంది. మోడల్ కోసం ఆర్ ప్యాకేజీల్లో ఉన్నంత వివరం, పొరపాటు అంచనాలతో సహా, మాత్రం ఇక్కడ ఆశించకండి.

ఖాళీ గడి దగ్గర ఎవరేం చేస్తారు

| సాఫ్ట్‌వేర్ | పోలికలో ఖాళీ అంటే | "చూడలేదు" సర్వేకి | "నచ్చిన మూడే" సర్వేకి |
|---|---|---|---|
| ఎక్సెల్ | సున్నా, అంటే మొదటి స్థానం | రెండు షరతులు చేర్చాలి | ఖాళీల్లో 99 వేయాలి |
| శాస్ | అన్నిటికంటే చిన్నది, మొదటి స్థానం | రెండు షరతులు చేర్చాలి | ఖాళీల్లో 99 వేయాలి |
| స్టాటా | అన్నిటికంటే పెద్దది, చివరి స్థానం | రెండు షరతులు చేర్చాలి | అలాగే వదిలేయొచ్చు |
| ఎస్‌పీఎస్‌ఎస్ | జవాబు మిస్సింగ్ | అలాగే వదిలేయొచ్చు | ఖాళీల్లో 99 వేయాలి |
| ఆర్ | ఎన్‌ఏ, మొత్తం ఆగిపోతుంది | ఎన్‌ఏలు తీసేయమని చెప్పాలి | ఖాళీల్లో 99 వేయాలి |
| పైథాన్ | ఎటూ గెలుపు లేదు | అలాగే వదిలేయొచ్చు | ఖాళీల్లో 99 వేయాలి |

ఏది వాడినా రెండు మ్యాట్రిక్సులు తీయండి: గెలుపులది ఒకటి, ఆ జతని ఎంతమంది పోల్చారో చెప్పేది ఇంకొకటి. రెండోది లేకపోతే మొదటిది మోసం చేస్తుంది. మన పట్టికలో వరుస మొత్తాలు చూస్తే కైలాసగిరి 5, యారాడ 3, కాబట్టి యారాడ చివర అనిపిస్తుంది. కానీ కైలాసగిరి 17 పోలికల్లో 5 గెలిచింది, దాదాపు 29 శాతం. యారాడ 9 పోలికల్లో 3 గెలిచింది, 33 శాతం. వరుస మారిపోయింది. పోనీ ముఖాముఖి చూద్దామంటే కైలాసగిరి 2–1తో గెలిచింది. ముగ్గురి మాటతో ఇక్కడ ఏదీ తేల్చలేం, రిపోర్టులో కూడా అలాగే రాయాలి.

ఖాళీలు అసలు లేని పూర్తి ర్యాంకులైతే వరుస మొత్తం అంటే బోర్డా స్కోరే, అంటే ప్రతి ర్యాంకుకీ మార్కులు వేసి కూడే పద్ధతి. ఫ్రాన్స్‌లో బోర్డా, కాండోర్సే ఇద్దరూ పద్దెనిమిదో శతాబ్దంలో వాదించుకున్నది దీని గురించే, మొత్తం మార్కులు చూడాలా, ముఖాముఖి గెలుపులు చూడాలా అని. కాండోర్సే 1785లో ఇంకో విషయం కూడా చూపించాడు: ప్రతి మనిషి ర్యాంకింగూ ఒక వరుసలో సరిగ్గానే ఉన్నా, అందర్నీ కలిపితే ఒకటి రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, మూడోది మళ్లీ మొదటిదాన్ని గెలవొచ్చు. మీ మ్యాట్రిక్స్‌లో అలా వస్తే లెక్క తప్పిందని టెన్షన్ పడకండి.

మరి మీకు ఏది?

ఐదారు ఐటమ్‌లు, యాభై అరవై ఫారాలు, పట్టిక చాలు అంటే: ఎక్సెల్, మూడు షరతుల ఫార్ములాతో. ఎంవీపీ కాలనీలో ఒక క్యాటరింగ్ ఆయన కొత్త మెనూలో పెట్టబోయే ఐదు స్వీట్లకి ఇంటింటికీ రుచి చూపించి ర్యాంకులు వేయించుకున్నారు, ఆయనకి ఇదే చేసిచ్చాను, మోడల్ అవసరమే రాలేదు.

ప్రాజెక్టు గైడ్ ఎస్‌పీఎస్‌ఎస్ ఔట్‌పుట్టే కావాలంటే అందులోనే చేయండి, సింటాక్స్ దాచుకోండి. "ఇంకో పన్నెండు ఫారాలు చేర్చు" అని చివర్లో అంటారు, అప్పుడు మెనూల్లో నొక్కుకుంటూ చేసినవాళ్లు మళ్లీ మొదటినుంచి చేయాల్సి వస్తుంది.

థీసిస్, జర్నల్ పేపర్, మోడల్: ఆర్. వచ్చే నెలలోనే సబ్మిషన్ అయితే, ఇప్పటిదాకా ఆర్ ముట్టనివాళ్లు కూడా ఈ ఒక్క పనికి వారం కేటాయిస్తే చాలు.

ప్రతి నెలా కొత్త ఫారాలు వస్తూ ఉండే ఆఫీసు పనికి, లేదా ఇరవై ఐటమ్‌లు దాటితే: పైథాన్.

ఏహెచ్‌పీ (అనలిటిక్ హైరార్కీ ప్రాసెస్, నిర్ణయాలు తీసుకోవడానికి వాడే ఒక పద్ధతి) కోసం మ్యాట్రిక్స్ కావాలని అడిగేవాళ్లు కూడా వస్తుంటారు, ముఖ్యంగా ఎంబీఏ వాళ్లు. అది వేరే మ్యాట్రిక్స్. సాటీ ప్రతిపాదించిన ఆ పద్ధతిలో గడిలో ఉండేది ఓట్ల లెక్క కాదు, ఇది దానికంటే ఎన్ని రెట్లు ముఖ్యం అని 1 నుంచి 9 దాకా ఒక మనిషి ఇచ్చిన తీర్పు, అద్దం గడిలో దాని విలోమం. ర్యాంకులో ఆ "ఎన్ని రెట్లు" అన్న సమాచారం ఉండదు. ఫస్ట్‌కీ సెకండ్‌కీ మధ్య వెంట్రుకవాసి తేడా ఉండొచ్చు, కొండంత తేడా ఉండొచ్చు. ర్యాంకుల తేడాని 3, 5, 7 అని మార్చి ఏహెచ్‌పీలో వేస్తే కన్సిస్టెన్సీ రేషియో (తీర్పులు ఒకదానితో ఒకటి ఎంత పొసగట్లేదో చెప్పే అంకె) 0.10 లోపు చక్కగా వచ్చినా సరే, ఆ రెట్లు మీరు కల్పించినవే. ఏహెచ్‌పీ కావాలంటే జతల ప్రశ్నలు విడిగా అడగాలి.

ఫారం ఇంకా పంపనివాళ్లకి ఒక్క మాట, ఎందుకంటే గొడవంతా మొదలయ్యేది అక్కడే. గూగుల్ ఫారమ్స్ గ్రిడ్‌లో ఒక్కో నిలువు వరుసకి ఒకే జవాబు అన్న సెట్టింగ్ పెడితే సమాన ర్యాంకులు రావు, మంచిదే. కానీ అదే గ్రిడ్‌లో "చూడలేదు" అని ఇంకో నిలువు వరుస చేర్చకండి, ఆ సెట్టింగ్ వల్ల ఒక మనిషి ఒక్క స్థలానికే "చూడలేదు" పెట్టగలడు, రెండోదానికి కుదరక ఏదో ఒక ర్యాంకు కొట్టేస్తాడు. ఆ అమ్మాయి రెండో విడతలో ముందు టిక్ పెట్టే ప్రశ్న ఒకటి విడిగా పెట్టింది, "వీటిలో ఎక్కడెక్కడికి వెళ్లారు?" అని. తర్వాత ర్యాంకుల గ్రిడ్, అన్ని వరుసలూ తప్పనిసరి చేయకుండా. ఖాళీ వచ్చిన ప్రతిచోటా పక్కన టిక్ ఉందో లేదో చూసుకుని, "చూడలేదు" ఖాళీ ఏదో, "మర్చిపోయారు" ఖాళీ ఏదో ఫైలులోనే విడదీసి నాకు పంపింది.